ఇద్దరు ఉసేనమ్మలు, ఒక్క రికార్డు

తప్పు నాదేనని ముందే చెప్పేస్తే మిగతాదంతా నింపాదిగా చెప్పుకోవచ్చు. విజయవాడలో ఏసీ గదిలో కూర్చుని, ఎన్నడూ చూడని ఊళ్లలోని మనుషుల పేర్లను నేను శుభ్రం చేశాను. ఆ శుభ్రం ఎంత దూరం పోయిందో చూడటానికే ఆదోని వెళ్లినట్టయింది. బయల్దేరేటప్పుడు మాత్రం నా పనితనం నలుగురికీ చూపించుకోవడానికి పోతున్నాననుకున్నాను.

మాది వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీ. పెద్ద సంస్థలు వాడే ఒక ప్లాట్‌ఫామ్ మా దగ్గరుంది. వెబ్‌సైట్ పేజీలు, సరుకుల ఫొటోలు, ఆర్డర్లు, కొనేవాళ్ల వివరాలు అన్నీ అందులో ఒకేచోట ఉంటాయి. ఎవరు ఏం కొన్నారు, మళ్లీ ఎప్పుడు కొనొచ్చు, ఏ పండక్కి ఎవరికి ఏ మెసేజ్ పంపాలి, ఇదంతా అదే చూసుకుంటుంది. ఒక మనిషికి ఒకే రికార్డు ఉండాలన్నది దాని మొదటి నియమం. అదొక పెద్ద భవంతి అనుకుంటే, అందులో చిన్న దుకాణాలకు తలా ఒక గది అద్దెకిస్తుంటాం. అలా చేరినవాళ్లలో ఆదోని రసూల్ సాబ్ ఒకరు. ఆయనకు ఆదోనిలో ఒకటి, ఎమ్మిగనూరులో ఒకటి, రెండు బట్టల దుకాణాలున్నాయి.

వెబ్‌సైట్ విజయవాడ నుంచే కట్టేశాం. దుకాణంలో ఏళ్ల తరబడి రాసుకున్న గిరాకీల పుస్తకాన్ని ఎవరిచేతో టైపు చేయించి పంపారు, నేను దాన్ని ప్లాట్‌ఫామ్‌లోకి ఎక్కించాను. ఆర్డర్లు మొదలై నెల దాటింది. ఇక దుకాణం మనుషులకు పని నేర్పి రావాలి. నాలుగు రోజుల పని. పీర్ల పండగ రోజులని రైలెక్కేదాకా నాకు తెలియదు.

ఆదోనిలో పొద్దుటి పూట

రైలు దిగి ముందు ఆకలి తీర్చుకున్నాను. బండి దగ్గర ప్లేటు ఉగ్గాని, బజ్జీ నలభై రూపాయలు. మా తెనాలి వైపు మరమరాలంటే సాయంత్రం పూట నోట్లో వేసుకునే కాలక్షేపం. ఇక్కడ వాటినే బొరుగులంటారు. నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిపాయలు, పుట్నాల పొడి వేసి తాలింపు పెట్టి, కడుపు నిండే టిఫిన్ చేస్తారు. నేను మిరపకాయ బజ్జీని చూసి జంకి పక్కన పెట్టాను. బండావిడ అది గమనించి, బజ్జీ లేకుండా ఉగ్గాని తింటే తిన్నట్టే కాదని, కాస్త కొరికి చూడమని బతిమాలింది. కొరికాను. కళ్లవెంట నీళ్లు కారుతుంటే ఆమె ఇంకో బజ్జీ వేసింది, దానికి డబ్బు తీసుకోలేదు.

రసూల్ సాబ్‌కు అరవై దాటి ఉంటాయి. తెల్లటి లాల్చీ, చెవిలో అత్తరు దూది. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించి, వెబ్‌సైట్ బాగుందని, ఫోన్లో చీరల రంగులు నిజం రంగుల్లాగే కనిపిస్తున్నాయని మెచ్చుకున్నారు. తర్వాత నవ్వాపుకుంటూ బక్రీదు సంగతి ఎత్తారు.

బక్రీదు శుభాకాంక్షలు పంపడానికి గిరాకీలను విడదీయమని ఆయనే అడిగారు. మతం రాసిన కాలమ్ పుస్తకంలో లేదు. నేను పేర్లు చూసి విడదీశాను. ఉసేనప్ప, దస్తగిరి, మౌలాలి, ఫకీరప్ప ఇలా ఒక పెద్ద జాబితా తయారైంది. నా తెలివికి నేనే మురిసిపోయి పంపేశాను.

"ఫకీరప్ప గుడి రథం లాగేటోడమ్మా," అన్నారు రసూల్ సాబ్. "నీ మెసేజ్ జూసి నేరుగా దుకాణానికొచ్చినాడు. ముబారక్ సరే సేట్, బిర్యానీ యాడ అని కూసున్నాడు. పెట్టి పంపినాం."

ఇక్కడి పల్లెల్లో పిల్లలు పుట్టాలనో, పుట్టినవాళ్లు బతకాలనో పీర్లకు మొక్కుకుని, పుట్టాక ఆ పేరే పెట్టుకుంటారట. హిందువులూ పెడతారు, ముస్లిములూ పెడతారు. ఒక్కో ఊళ్లో అరడజను మంది ఉసేనప్పలుంటారని చెప్పారు. పేరు చూసి మనిషిని చెప్పడం ఇక్కడ కుదరదని ఆయన నొప్పించకుండానే అన్నారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. తప్పు ఎత్తిచూపితే ఒప్పుకోవడానికి ముందు ఉడుక్కోవడం నా అలవాటు. ఆ కాలమ్ పుస్తకంలో ఎందుకు లేదో అడగాలని మాత్రం అప్పుడు నాకు తోచలేదు.

ఎమ్మిగనూరు, ఈరన్న పుస్తకం

రెండో రోజు ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఆషాఢపు గాలి కిటికీలోంచి మొహాన కొడుతోంది. నల్లరేగళ్లలో పత్తి విత్తనం అప్పుడప్పుడే మొలకెత్తుతోంది. మావైపు కాలవ కనబడితే చాలు, ఏడాదికి ధీమా. ఇక్కడ బస్సులో ఉన్న ప్రతివాళ్లూ మధ్యమధ్య తల వంచి మబ్బు వైపు చూస్తున్నారు. నా పక్కనున్నాయన రెండు పదును వానలు పడ్డాయని, మూడోది పడితే గట్టెక్కుతామని, నేను అడగకపోయినా చెప్పాడు.

ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు కొన్ని సందుల్లో ఇంకా వినబడుతూనే ఉంది. దుకాణంలో పార్సిళ్లు కట్టేది ఈరన్న. యాభై ఏళ్ల మనిషి, ముప్పై ఏళ్ల సర్వీసు. వయసులో నాకంటే పెద్దవాడైనా నన్ను అక్కా అనే పిలిచాడు. కంప్యూటరంటే అతనికి భయం లేదు. గంటలో పని పట్టేశాడు. ఆ తర్వాత, అడగాలా వద్దా అన్నట్టు కాసేపు తటపటాయించి, బల్ల కింద నుంచి పాత పుస్తకం తీశాడు. ఎర్రగుడ్డ అట్ట, అంచులు నలిగి మెత్తబడ్డాయి.

అందులో పేర్లు ఇలా ఉన్నాయి: బావికాడ నాగమ్మ. మిలట్రీ ఈరన్న. మూడో ఈరన్న. నల్లబండ దస్తగిరి. పెద్ద ఉసేనమ్మ. చిన్న ఉసేనమ్మ.

ఇవన్నీ టైపు చేసిన కాగితంలో నేను చూసినవే. చూసి తీసేసినవే. ప్లాట్‌ఫామ్‌లో పేరుకొక గడి, ఇంటిపేరుకొక గడి ఉంటాయి. పెద్ద, చిన్న, బావికాడ ఏ గడిలోనూ ఇమడవు. పైగా నాకొక సొంత కారణం కూడా ఉంది. బళ్లో మా క్లాసులో ముగ్గురం పద్మలం. పదో తరగతి దాకా నేను పొట్టి పద్మనే. ఆ పేరు వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే ఆ మాటలన్నీ చెరిపేస్తున్నప్పుడు వాళ్లకు మర్యాద చేస్తున్నాననే అనుకున్నాను.

"ఒగటి అడగల్ల అక్కా," అన్నాడు ఈరన్న. "చిన్న ఉసేనమ్మ దట్టీ యేమాయె?"

దట్టీ అంటే పీరుకు చుట్టే పొడవాటి గుడ్డ. చావిట్లో పీర్లను నిలబెట్టినప్పుడు మొక్కుకున్నవాళ్లు తెచ్చి కడతారు. హొళగుంద దాటాక ఒక పల్లె నుంచి రెండు దట్టీలకు ఆర్డరు వచ్చిందని, ఒకటే పోయిందని, రెండోది కట్టమని కంప్యూటర్ ఇంతవరకూ చెప్పలేదని అన్నాడు. పది రోజులుగా ఎదురుచూస్తున్నాడట. కంప్యూటర్‌కు ఏదో లెక్క ఉంటుందని ఊరుకున్నాడు.

నేను స్క్రీన్ తెరిచాను. ఉసేనమ్మ ఒక్కరే ఉన్నారు. ఆవిడ పేరు కింద రెండు ఆర్డర్లు. అదే ఊరు, అదే వీధి, అదే ఫోను నంబరు, అదే రోజు, అదే ఆకుపచ్చ గుడ్డ, అదే ఐదు మూరలు. రెండోదాని మీద అడ్డగీత. పొరపాటున రెండుసార్లు నొక్కారని ప్లాట్‌ఫామ్ తనంతట తానే రద్దు చేసి, ఆ సంగతి ఇంగ్లీషులో మెసేజ్ కూడా పంపింది. దాని వైపు నుంచి ఒక్క పొరపాటూ లేదు. ఇద్దరినీ ఒకరిగా చేసి దాని చేతికిచ్చింది నేను.

ఈరన్న మిగతాది చెప్పాడు. ఇద్దరూ ఎదురెదురు ఇళ్లవాళ్లు. పెద్ద ఉసేనమ్మ హిందువు, కూలికి పోతుంది. చిన్న ఉసేనమ్మ దూదేకుల ఇంటి మనిషి, పరుపులు, బొంతలు కుడుతుంది. ఫోను పెద్దామెది, వాడేది ఇద్దరూ. చిన్నామెకు రెండేళ్లుగా చూపు మసకబారి, సూదిలో దారం ఎక్కించలేక పని మానేసింది. కంటి ఆపరేషన్ చేయించుకుంటూ పీరుకు మొక్కుకుంది: మళ్లీ తన చేత్తో దారం ఎక్కిస్తే, తన కష్టార్జితంతో దట్టీ కొని, తనే అంచు కుట్టి కడతానని. చూపొచ్చింది. మూడు బొంతలు కుట్టింది. సరుకు చేతికొచ్చాక ఆ డబ్బే ఇచ్చేలా ఆర్డరు పెట్టించింది.

పండగ తొమ్మిదో రోజు పొద్దుగూకే లోపల దట్టీ కట్టాలి. ఆ తొమ్మిదో రోజు రేపే.

నేను ఆ నంబరుకు ఫోను చేశాను. ఆడమనిషి గొంతు పలికింది. ఉసేనమ్మగారా అన్నాను.

"ఏ ఉసేనమ్మ గావల్లమ్మా?"

నేను స్క్రీన్ వైపు చూశాను. అందులో ఒక్కరే. చిన్న ఉసేనమ్మ అనాలని తట్టక ఇంకా అందులోనే వెతికాను. రెండుసార్లు హలో అని ఆమె పెట్టేసింది. అవతల పల్లెలో ఎవరు ఫోనెత్తినా మొదట అడిగే మాటను నా ప్లాట్‌ఫామ్ ఒక్కసారి కూడా అడగలేదు.

పట్టుదలకు పోయి అక్కడికక్కడే సరిచేయబోయాను. రెండో ఉసేనమ్మకు కొత్త రికార్డు తెరిచాను. ఈ నంబరుతో ఇప్పటికే ఒకరున్నారని అది ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. ఈలోపు ఈరన్న పచ్చగుడ్డ ఐదు మూరలు కొలిచి, చింపి, మడిచి, పార్సిల్ మీద స్కెచ్ పెన్నుతో చిన్న ఉసేనమ్మ అని రాసేశాడు.

దాన్ని నేనే తీసుకుపోతానని, నా తరఫున ఊరికే ఇస్తానని అన్నాను. తీసుకుపోవడానికి సరేనన్నాడు. "ఊరికే ఇయ్యద్దక్కా. ఇంగొకరిస్తే అది ఆమె మొక్కు గాదు. నాలుగు నూర్ల యాభై అడిగి తీసుకో," అన్నాడు.

హొళగుంద దారి

మూడో రోజు ఆదోని మీదుగా హొళగుంద బస్సెక్కి, పార్సిల్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారిలో పీర్ల చావిళ్లకు సున్నాలు కొట్టి ఉన్నాయి. హొళగుంద చేరేసరికి చుట్టూ సగం మాటలు కన్నడంలో నడుస్తున్నాయి. పూటకూళ్లింట్లో ముప్పై రూపాయలకు రెండు జొన్నరొట్టెలు, వంకాయ పులుసు, శనక్కాయల పొడి పెట్టారు. వడ్డించినావిడ నాతో తెలుగులోనూ, వంటింట్లోకి కన్నడంలోనూ మాట్లాడింది. ఏ భాష మీది అని అడిగితే, అడిగినోళ్లదే అని నవ్వింది. నేనైతే దానికీ ఒక గడి పెట్టేదాన్ని.

అక్కడి నుంచి ఆటో. సగం దూరంలో గొర్రెల మంద అడ్డమొచ్చింది. నేను గడియారం చూసుకుంటూ సీటు అంచుకు జరిగాను. ఆటోడ్రైవరు ఇంజను ఆపి దిగి, గొర్రెలాయనతో వానల గురించి మాట్లాడుతూ బీడీ ముట్టించాడు. నాకు కోపం రానే వచ్చింది. పార్సిల్ ఏంటో, ఎవరికో చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గొర్రెలాయన నోటితో ఏదో వింత చప్పుడు చేశాడు, రెండు నిమిషాల్లో దారి ఖాళీ అయింది. ముందే చెప్పద్దా అమ్మా అన్నాడు డ్రైవరు. అతనన్నది నిజమే.

ఎదురెదురు ఇళ్లు

పల్లె చేరేసరికి రెండున్నర. చావిడి ముందు గుండం తవ్వి కట్టెలు పేర్చారు. ఉసేనమ్మ ఇల్లెక్కడని అడిగితే చావిడి అరుగు మీది ముసలాయన తలెత్తి, ఏ ఉసేనమ్మ అన్నాడు. ఈసారి జవాబు చెప్పగలిగాను.

ఇద్దరూ పెద్దామె అరుగు మీదే ఉన్నారు. ఇద్దరికీ యాభై ఐదు పైనే. చిన్నామే పెద్దామెకంటే జానెడు పొడుగు. పెద్దామె ఎనిమిది రోజులు ముందు పుట్టిందట, అంతకు మించి పెద్దరికం లేదు. వాళ్ల తల్లులిద్దరూ ఒకే ఏడు ఒకే పీరుకు మొక్కుకున్నారు.

లోపల గూట్లో మొదటి పార్సిల్ ఉంది, విప్పకుండా. నేను ఎవరినో, ఏం చేశానో చెప్పాక పెద్దామె దాన్ని తెచ్చి చూపించింది. పైన నా ప్లాట్‌ఫామ్ అచ్చేసిన చీటీ, దాని మీద ఉత్త ఉసేనమ్మ.

"నాదని నేనెట్ల అనల్ల?" అంది పెద్దామె. "నేను యేటేటా కడతా. దీనికి మొక్కుండాది. నువ్వే తీసుకోయే అంటే యినదు."

చిన్నామె తల అడ్డంగా ఊపింది. "దానికి ముందొచ్చినాది, దానిదే. నాది రాలేదంటే పీరుకు నా మొక్కు పట్టలేదేమో అనుకుంటి. పది దినాలాయె, సూది ముట్టలే."

ఆ మాట నాకు చాలా లోతుగా తగిలింది. వెబ్‌సైట్ పాడైతే గిరాకీ పోతుందని మాకు తెలుసు. ఒక మనిషికి తన మొక్కు దేవుడికి అక్కర్లేదనిపించేలా చేయొచ్చని తెలియదు. పీరు తప్పేం లేదని, పేర్లలోంచి పెద్ద, చిన్న తీసేసింది నేనేనని మళ్లీ చెప్పాను. ఎందుకు తీసేసినావు అని అడిగింది చిన్నామె, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. బాగుండదేమోనని అన్నాను.

"యేం బాగుండదు?" అంది.

నేను పార్సిల్ ఆమె చేతికిచ్చాను. అక్షరాల మీద వేలు పెట్టి, చదవడం రాకపోయినా రెండు మాటలున్నాయని గుర్తుపట్టింది. చీర కొంగు ముడి విప్పి, మడతలు మడతలుగా ఉన్న నోట్లు తీసి ఇచ్చింది. తీసుకున్నాను. అప్పుడు ఎదురుగా తన ఇంట్లోకి పోయి సూదులపెట్టె, ఆకుపచ్చ దారం తెచ్చి, వెలుగుకోసం అరుగు అంచుకు జరిగి కూర్చుంది.

చిన్నామె దారం కొస నోట్లో తడిపి, నలిపి, సూదిని ఆకాశం వైపు ఎత్తిపట్టింది. గాలికి దారం పక్కకు పోయింది. నేను సాయం పట్టబోతే పెద్దామె నా చేయి పట్టుకుని ఆపింది. రెండోసారి ఎక్కింది. చిన్నామె ఎవరి వైపూ చూడలేదు, ముడివేసి కుట్టడం మొదలుపెట్టింది.

ఐదు మూరల గుడ్డకు నాలుగు అంచులు కుట్టడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో నాకు బెల్లం పానకం ఇచ్చారు, మా ఊళ్లో పీర్లు లేవా అని అడిగారు. ఉన్నాయి కానీ నేనెప్పుడూ పోలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఎండ ఇంకా ఉండగానే ఇద్దరూ చావిడికి నడిచారు. పీర్లను చూసుకునే ముజావర్ ఒకదాని తర్వాత ఒకటి రెండు దట్టీలూ పట్టాడు, ఎవరిది వాళ్లే కట్టారు. ఒకే పచ్చ, ఒకే పొడవు. చేతి కుట్టున్నది మాత్రం ఒకటే.

ఆటో ఎక్కబోతుంటే చిన్నామె పెద్దామె ఫోను పట్టుకుని వెనకే వచ్చింది. నా నంబరు అందులో పెట్టుకోవాలట. చెప్పాను, పక్కింటి కోడలు నొక్కింది.

"మా సందులో పద్మలు ఇద్దరుండారు," అంది చిన్నామె. "నిన్నేమని పెట్టుకోవల్ల?"

విజయవాడ పద్మ అందామనుకున్నాను. కంపెనీ పద్మ కూడా నోటిదాకా వచ్చింది. ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"పొట్టి పద్మ అని పెట్టుకోండి," అన్నాను. కోడలు అదే కొట్టింది. ఎవరూ నవ్వలేదు.

మళ్లీ నా కుర్చీలో

వచ్చాక ప్లాట్‌ఫామ్‌లో రెండు పనులు చేశాను. ఇద్దరిని ఒకరిగా కలిపేముందు అది ఆగి దుకాణం మనిషిని అడగాలి. ఈరన్న ఫోను చేసి తేల్చేదాకా ఏ ఆర్డరూ రద్దు కాదు. రెండోది, పేరు కింద ఇంకో గడి: ఊళ్లో ఏమని పిలుస్తారు? పేర్లు చూసి మతం తేల్చిన నా జాబితా చెరిపేశాను. మా మేనేజరు ఆ కొత్త గడి చూసి, పెద్ద సంస్థలకు ఇలాంటివి చూపిస్తే నవ్వుతారన్నాడు. నవ్వనివ్వండి అన్నాను. రసూల్ సాబ్ వరకైనా అది ఉండాలని పోట్లాడి ఉంచాను.

పోయిన వారం మీటింగులో ఉండగా ఫోను మోగింది. కొత్త నంబరేమీ కాదు, ఆ వీధిలో ఇద్దరు వాడే నంబరే. స్పీకర్ నొక్కుకుపోయినట్టుంది, గది మొత్తానికి వినబడింది.

"యెవురూ, పొట్టి పద్మనా?"

అందరూ నా వైపు తిరిగారు. "అవునమ్మా, పొట్టి పద్మనే," అన్నాను. "మీరు ఏ ఉసేనమ్మ?"